టర్బైన్ సిమ్యులేషన్‌లో నాలుగు పాయింట్ల తేడా: తప్పు టర్బులెన్స్ మోడల్‌దేనా?

తమ్ముడూ, నీ ప్రశ్న మిగతావాళ్ళకి కూడా అందాలి కాబట్టి ముందు నాకు అర్థమైనంత రాస్తాను. కాకినాడలో ఎంటెక్ చేస్తున్నావు. ట్రాక్టర్ ఇంజన్‌కి పెట్టే టర్బోఛార్జర్‌లోని రేడియల్ టర్బైన్‌ని (గ్యాస్ బయటి అంచు నుంచి లోపలికొచ్చి తిప్పే చక్రం) కంప్యూటర్‌లో సిమ్యులేట్ చెయ్యడం ప్రాజెక్టుగా తీసుకున్నావు. రోటర్ వ్యాసం 60 మి.మీ., 11 బ్లేడ్లు, స్పీడు లక్ష ఆర్‌పీఎం, లోపలికొచ్చే గ్యాస్ 600 డిగ్రీలు. కె-ఎప్సిలాన్ అనే టర్బులెన్స్ మోడల్‌తో (ప్రవాహంలోని సుడుల ప్రభావాన్ని ఊహించి లెక్కేసే పద్ధతి) చేస్తే ఎఫిషియెన్సీ కంపెనీ మ్యాప్‌లో (టెస్టు చేసి గీసిచ్చే పనితీరు పటం) ఉన్నదానికన్నా నాలుగు పాయింట్లు ఎక్కువొచ్చింది. ఎస్ఎస్‌టి అనే ఇంకో మోడల్‌తో చేస్తే మూడు ఎక్కువ. గైడ్ గారు రేనాల్డ్స్ స్ట్రెస్ మోడల్ వాడి చూడమన్నారు, అదేమో కన్వర్జ్ కావట్లేదు, అంటే లెక్క ఒక జవాబు దగ్గర కుదురుకోవట్లేదు. చేతిలో ఉన్నది 16 జీబీ ల్యాప్‌టాప్. మార్చిలో సబ్మిషన్. ‘ఏ మోడల్ కరెక్ట్ సర్?’ అని అడిగావు.

నేను ఇరవై రెండేళ్ళు టర్బోల మధ్యే గడిపి, ఇప్పుడు ఊరొచ్చి కొబ్బరికాయలు లెక్కపెట్టుకుంటున్నవాణ్ణి. నా మాట ఒక్కటే. మోడల్ జోలికి ఇప్పుడే వెళ్ళకు. డిజైన్ పాయింట్ దగ్గర (టర్బైన్‌ని ఏ స్పీడు, పీడనం కోసం గీశారో అక్కడ) రేడియల్ టర్బైన్‌లో మోడల్ మారిస్తే ఎఫిషియెన్సీ ఒక పాయింటు, మహా అయితే ఒకటిన్నర కదులుతుంది. నీకు వచ్చింది కూడా అంతే కదా, కె-ఎప్సిలాన్‌కీ ఎస్ఎస్‌టికీ మధ్య ఒక్క పాయింటు. మిగతా మూడూ వేరే చోట ఉన్నాయి.

మొదట ఆ మ్యాప్ ఎలా తయారైందో చూడు. టర్బోఛార్జర్ టర్బైన్‌ని టెస్ట్ స్టాండ్ మీద విడిగా డైనమోమీటర్ పెట్టి కొలవడం అరుదు. షాఫ్ట్‌కి అటు చివర ఉన్న కంప్రెసర్ ఎంత పని చేసిందో, అంటే గాలి ఎంత వేడెక్కిందో చూసి, దాన్నే టర్బైన్ ఇచ్చిన పనిగా లెక్కేస్తారు. మధ్యలో బేరింగులు తినేసింది అందులో కలిసిపోతుంది. అందుకే కంపెనీ మ్యాప్‌లో ‘టర్బైన్ ఎఫిషియెన్సీ’ అని రాసి ఉన్నా, అది చాలాసార్లు టర్బైన్ ఎఫిషియెన్సీని మెకానికల్ ఎఫిషియెన్సీతో గుణించిన అంకె. టర్బైన్ 25 కిలోవాట్లు ఇస్తోందనుకో, ఆయిల్ ఫిల్మ్ బేరింగుల్లో ఒక్క కిలోవాట్ పోతే చాలు, అది నాలుగు శాతం, నీ నాలుగు పాయింట్లలో దాదాపు మూడు అక్కడే సరి. నీ సిమ్యులేషన్‌లో బేరింగే లేదు. కొలవనిదాన్ని కొలిచినదానితో పోల్చి మోడల్‌ని తిడితే ఎలా?

ఇంకో తిరకాసు కూడా ఉంది. స్పీడు తక్కువగా ఉన్నప్పుడు టర్బైన్ వేడి ఇనుములోంచి పాకి కంప్రెసర్ గాలిని వేడెక్కిస్తుంది. ఆ వేడిని కూడా టర్బైన్ చేసిన పనే అనుకుని లెక్కేస్తే ఎఫిషియెన్సీ ఉన్నదానికన్నా ఎక్కువ కనిపిస్తుంది. అంటే మ్యాప్‌లో కింది స్పీడు గీతలు ఒక వైపు అబద్ధం చెబితే, పై స్పీడు గీతలు ఇంకో వైపు చెబుతాయి. నీది పై స్పీడు కాబట్టి ఈ వేడి గొడవ కాస్త తక్కువ, బేరింగు గొడవే ఎక్కువ. అలాగే నువ్వు తీసింది టోటల్-టు-స్టాటికా, టోటల్-టు-టోటలా? బయటికి పోయే గ్యాస్ వేగంలోని శక్తిని నష్టంగా లెక్కేస్తే మొదటిది, వెయ్యకపోతే రెండోది. మ్యాపులు మామూలుగా టోటల్-టు-స్టాటిక్‌లో ఇస్తారు. సాఫ్ట్‌వేర్‌లో డిఫాల్ట్‌గా వచ్చే అంకె రెండోది అయ్యుంటే ఇంకో రెండు పాయింట్ల తేడా అక్కడే పుడుతుంది. ప్రశ్నలో నువ్వు ఇది రాయలేదు.

ఎఫిషియెన్సీ కంటే ముందు మాస్ ఫ్లో చూడు. మాస్ ఫ్లోని ప్రధానంగా తేల్చేది బ్లేడ్ల మధ్య అన్నిటికన్నా ఇరుకైన చోటు, వాల్యూట్ (గ్యాస్‌ని రోటర్ చుట్టూ పంచే నత్తగుల్ల ఆకారపు గొట్టం) గొంతు. అది రెండు శాతానికి మించి తేడా వస్తే నీ జామెట్రీయే తప్పు. చాలామంది కుర్రాళ్ళు రోటర్‌ని స్కానర్ పెట్టి గీసుకుంటారు. బ్లేడు చివర మందం అరమిల్లీ తేడా వస్తే చాలు, గొంతు మారిపోతుంది. అప్పుడు ఏ మోడల్ పెట్టినా ఒకటే.

ఇప్పుడు నా సిగ్గుమాలిన కథ ఒకటి చెప్పాలి. ఉద్యోగంలో చేరిన మూడో ఏడు అనుకుంటా. ఒక టర్బైన్‌కి కె-ఎప్సిలాన్ పెట్టి, మెష్ (గ్యాస్ పారే చోటుని చిన్న చిన్న సెల్స్‌గా కోసే వల) కాస్త ముతగ్గా వేసి రన్ చేశాను. టెస్ట్‌తో అరపాయింటు తేడాలో వచ్చేసింది. గ్రాఫ్ మీద గీత, చుక్కలు ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి. మీటింగులో అందరూ మెచ్చుకున్నారు, నేనూ నేల మీద లేను. ఆర్నెల్ల తర్వాత కస్టమర్ ఒకటే అడిగాడు, ‘రోటర్‌కీ కేసింగ్‌కీ మధ్య సందు 0.1 మి.మీ. పెరిగితే ఎంత నష్టం?’ అని. నా మెష్ తెరిచి చూస్తే అందులో సందే లేదు. మెష్ చెయ్యడం కష్టమని బ్లేడుని కేసింగ్‌కి అంటించేశాను. సందులోంచి కారిపోయే గ్యాస్ వల్ల పోవాల్సిన పాయింట్లు పోలేదు. దానికి బదులు ముతక మెష్, మొదటి ఆర్డర్ స్కీము (సెల్స్ మధ్య లెక్కని మోటుగా వేసే పద్ధతి) కలిసి లేనిపోని జిగురుతనం పుట్టించి దాదాపు అన్నే పాయింట్లు తినేశాయి. ఒక తప్పు ఇంకో తప్పుని కొట్టేసింది, నేనేమో దాన్ని వాలిడేషన్ అనుకున్నాను. సందు పెట్టి మళ్ళీ రన్ చేస్తే ఐదు పాయింట్లు కిందకి దిగింది. అప్పటినుంచి టెస్ట్‌తో మరీ అందంగా కలిసిపోయిన గ్రాఫ్ చూస్తే నాకు అనుమానం వస్తుంది.

సరే, మోడల్ అసలేం చేస్తుందో కాస్త మాట్లాడుకుందాం. లాకుల దగ్గర కాలవ గేజి రాళ్ళు చూశావు కదా. లస్కరు పొద్దున్నే వెళ్ళి ‘ఆరడుగుల రెండంగుళాలు’ అని రాసుకుంటాడు. నీళ్ళు ఆ గీత దగ్గర ఆగి ఉండవు, అంగుళం పైకీ కిందకీ ఆడుతూనే ఉంటాయి. ఆ ఆటని పక్కన పెట్టి సగటు రాస్తాడు. 1895లో ఆస్బర్న్ రేనాల్డ్స్ చేసింది అదే. వేగాన్ని సగటుగా, ఆటగా విడగొట్టి, సమీకరణాలు సగటుకి రాశాడు. కానీ లస్కరు రాసుకోని ఆ ఆటే గట్టుని కోస్తుంది, అడుగున ఇసుకని లేపుతుంది. సమీకరణాల్లో కూడా అది పూర్తిగా పోదు, ఆరు కొత్త అంకెలుగా మిగిలిపోతుంది. వాటినే రేనాల్డ్స్ స్ట్రెస్‌లు అంటాం. సమీకరణాలు చాలవు, తెలియని అంకెలు ఎక్కువ. ఈ ఖాళీని ఊహతో పూడ్చడమే టర్బులెన్స్ మోడల్.

ఎక్కువమంది వాడే ఊహ 1877 నాటిది, బూసినెస్క్‌ది. సుడులు ద్రవాన్ని కలిపేస్తుంటే ద్రవం చిక్కబడినట్టే ఉంటుంది కదా, ఆ చిక్కదనానికి ఒక అంకె పెడదాం అన్నాడు. అదే ఎడ్డీ విస్కాసిటీ. కె-ఎప్సిలాన్, కె-ఒమేగా, ఎస్ఎస్‌టి, స్పలార్ట్-ఆల్‌మరాస్ అన్నీ ఈ ఒక్క తల్లి బిడ్డలే. ఆ అంకెని ఎలా లెక్కగట్టాలన్న దగ్గరే వాటి తగువు. కె-ఎప్సిలాన్ గోడకి దూరంగా బాగుంటుంది, గోడ దగ్గర, ముఖ్యంగా ప్రవాహం నెమ్మదిస్తున్న చోట, చిక్కదనం ఎక్కువ చూపించి ప్రవాహాన్ని గోడకి అంటించి ఉంచుతుంది. కె-ఒమేగా గోడ దగ్గర బాగుంటుంది, బయట మాత్రం ఇన్‌లెట్‌లో నువ్వు ఇచ్చిన అంకెకి మరీ ఊగిపోతుంది. 1994లో మెంటర్ రెండిటినీ కలిపి, గోడ దగ్గర ఒమేగా, దూరంగా ఎప్సిలాన్ పని చేసేలా చేసి, పైగా షియర్ స్ట్రెస్‌కి ఒక హద్దు పెట్టాడు. అదే ఎస్ఎస్‌టి. టర్బోమెషినరీ వాళ్ళంతా దాని దగ్గరే స్థిరపడ్డారంటే కారణం ఆ హద్దే.

ఇక్కడే మీ గైడ్ గారి మాట వస్తుంది. ఎడ్డీ విస్కాసిటీ అన్ని వైపులకీ ఒకే అంకె, రోటర్ తిరగడం, దారి వంకర తిరగడం దానికి తెలియవు, కాబట్టి రేనాల్డ్స్ స్ట్రెస్ మోడల్ మేలు అని ఆయన అని ఉంటారు. పుస్తకం ప్రకారం నిజమే. కె (ఆ ఆటలో ఉన్న శక్తి) సమీకరణంలో రోటర్ తిరుగుడుకి చోటే లేదు, కొరియాలిస్ పదం కూడికలో సున్నా అయిపోతుంది. కానీ రేడియల్ టర్బైన్‌లో అసలు నష్టం ఎక్కడ పుడుతుందో చూశాక ఇది ఎంతవరకు ముఖ్యమో తేల్చాలి.

మా అమ్మమ్మ గారిది వశిష్ఠ పాయ మీద ఒక లంక ఊరు. తాతయ్య కొబ్బరి తోట వంపు బయటి ఒడ్డున ఉండేది. ఏటా వరదకి రెండు మూడు వరసల చెట్లు ఏట్లోకి వంగేవి. 1986 ఆగస్టు వరదలో ఒక్క రాత్రిలో మొదటి మోటబావి దాకా వెళ్ళిపోయింది. అవతలి ఒడ్డున మాత్రం కొత్త ఇసుక మేట. ‘మన చెట్లు తీసి వాళ్ళకి మెరక వేస్తోంది గోదారమ్మ’ అనేవాడు తాతయ్య. నేను చదువుకున్నాక గానీ అది ఎలా జరుగుతుందో తెలియలేదు. వంపులో పైన వేగంగా పోయే నీళ్ళు బయటి ఒడ్డుకి ఒత్తుకుంటాయి, అక్కడ మట్టం కాస్త లేస్తుంది. అంటే అక్కడ పీడనం ఎక్కువ. అడుగున నేలని రాసుకుంటూ పోయే నీళ్ళు నెమ్మది, వాటికి బయటికి ఒత్తుకునే ఊపు ఉండదు, ఆ పీడనమే వాటిని లోపలి ఒడ్డుకి నెట్టేస్తుంది. వెళ్తూ వెళ్తూ ఇసుకని మోసుకెళ్తాయి. పైన బయటికి, కింద లోపలికి, ముందుకు సాగుతూనే నీళ్ళన్నీ మెలి తిరుగుతాయి.

రోటర్‌లో జరిగేది ఇదే, ఇసుక లేదు అంతే. గ్యాస్ బయటి అంచున రేడియల్‌గా లోపలికొచ్చి, తొంభై డిగ్రీలు వంగి, షాఫ్ట్ వెంట బయటికి పోతుంది. బ్లేడు మీద, హబ్ (బ్లేడ్లు అతికి ఉండే మధ్య దిమ్మ) మీద రాసుకుని నెమ్మదించిన పొర ఆ వంపులోని పీడనం తోయగా హబ్ నుంచి కేసింగ్ వైపుకి పాకుతుంది. చివరికి సక్షన్ వైపు (బ్లేడుకి పీడనం తక్కువుండే వైపు), కేసింగ్ మూల దగ్గర పోగవుతుంది. ఆ మేట నీ ఎగ్జిట్ ప్లేన్‌లో నీలం మచ్చగా కనిపిస్తుంది చూడు. సందులోంచి కారిన గ్యాస్ కూడా అక్కడికే చేరి, రెండూ మెలేసుకుంటాయి. నష్టాల్లో పెద్ద భాగం ఇదే.

ఈ మెలిని పుట్టించేది పీడనం. ప్రాంట్ల్ దీన్ని మొదటి రకం సెకండరీ ఫ్లో అన్నాడు. పీడనాన్ని, సగటు వేగాన్ని సరిగ్గా పట్టుకుంటే చాలు, ఏ మోడల్ పెట్టినా ఈ మెలి వచ్చి తీరుతుంది. సుడుల బలం అన్ని దిక్కులా ఒకేలా లేకపోవడం వల్ల పుట్టే రెండో రకం ఇంకోటి ఉంది, చదరపు గొట్టం మూలల్లో కనిపిస్తుంది. దానికి మాత్రం రేనాల్డ్స్ స్ట్రెస్ మోడల్ లాంటిది కావాలి. అది మొదటిదానితో పోలిస్తే చాలా చిన్నది. రోటర్‌లో మొదటి రకమే రాజ్యమేలుతుంటే, రెండోదాని కోసం రెండు సమీకరణాలు తీసేసి ఏడు పెట్టుకుని, కన్వర్జ్ కాక తల పట్టుకోవడం నాకు దండగనిపిస్తుంది. గైడ్ గారితో ఇంత దురుసుగా అనకు. ఈ వంపు సంగతి చెప్పి, ఎస్ఎస్‌టిలోనే కర్వేచర్ కరెక్షన్ పెట్టి ఒక రన్ చేస్తానండి అను. స్పలార్ట్, షుర్ 1997లో చెప్పిన సవరణని స్మిర్నోవ్, మెంటర్ 2009లో ఎస్ఎస్‌టికి అమర్చారు. పెద్ద సాఫ్ట్‌వేర్లలో ఒక టిక్కు పెడితే వస్తుంది, ఖర్చు దాదాపు లేదు. రోటర్ తిరుగుడునీ, వంపునీ అది కొంతవరకు చూసుకుంటుంది.

ఇంకో కారణం, టర్బైన్ పల్లానికి పారే కాలవ లాంటిది. పీడనం తగ్గుతూ వేగం పెరుగుతూ పోతుంది. బౌండరీ లేయర్, అంటే గోడని రాసుకుని నెమ్మదించిన పొర, పలచగా, గోడకి అంటుకునే ఉంటుంది. మోడళ్ళు ఒకదానితో ఒకటి కొట్టుకునేది ప్రవాహం నెమ్మదించి గోడని వదిలేసే చోట. అందుకే కంప్రెసర్ వాళ్ళు మోడల్ గురించి నిద్ర పాడు చేసుకుంటారు, మనం అంతగా చేసుకోం.

కానీ మెష్ గురించి మాత్రం పాడు చేసుకోవాల్సిందే. కాగితం తీసి నాతోపాటు వెయ్యి. రోటర్ అంచు వేగం సెకనుకి 314 మీటర్లు. రోటర్‌లో గ్యాస్ సుమారు 800 కెల్విన్, 1.5 బార్ అనుకుందాం. సాంద్రత ఘనపు మీటరుకి 0.65 కిలోలు, స్నిగ్ధత 0.000037 పాస్కల్-సెకన్లు. బయటికొచ్చేటప్పుడు రిలేటివ్ వేగం 300 మీటర్లు, బ్లేడు పొడవు 25 మి.మీ. అనుకుంటే రేనాల్డ్స్ సంఖ్య లక్షా ముప్పై వేలు. గోడ రాపిడి గుణకం దాదాపు 0.0048, దాన్నుంచి ఫ్రిక్షన్ వేగం సెకనుకి 15 మీటర్ల లోపు వస్తుంది. వై ప్లస్ అంటే గోడ నుంచి దూరాన్ని ఈ ఫ్రిక్షన్ వేగం, స్నిగ్ధతల లెక్కలో చెప్పే అంకె. ఇక్కడ వై ప్లస్ 1 అంటే గోడ నుంచి 4 మైక్రాన్లు. వై ప్లస్ 30 అంటే 0.12 మి.మీ.

ఇప్పుడు నీ టిప్ క్లియరెన్స్, అంటే బ్లేడు కొనకీ కేసింగ్‌కీ మధ్య సందు, చూడు. ఈ సైజు చక్రానికి 0.3 మి.మీ. ఉంటుందేమో. వాల్ ఫంక్షన్ (గోడ పక్క పలచటి పొరని లెక్కగట్టకుండా సూత్రంతో సరిపెట్టడం) వాడాలంటే మొదటి సెల్ మధ్య బిందువు గోడ నుంచి 0.12 మి.మీ. దూరంలో ఉండాలి, అంటే సెల్ ఎత్తు పావు మిల్లీకి దగ్గర. పైన కేసింగ్ గోడ, కింద బ్లేడు కొన. 0.3 మి.మీ. సందులో పావు మిల్లీ సెల్ ఒక్కటే పడుతుంది! ఆ ఒక్క సెల్ రెండు గోడలకీ ఒకేసారి గోడ పక్క సెల్ అవ్వాలి. నీ కె-ఎప్సిలాన్ రన్‌లో జరిగింది ఇదే అని నా అనుమానం. సందు ఉన్నట్టే ఉంటుంది, కారాల్సినంత కారదు, ఎఫిషియెన్సీ బాగా వస్తుంది. ఎస్ఎస్‌టి రన్‌కి కూడా అదే మెష్ వాడి ఉంటే దాని ఫలితమూ నమ్మకు, ఆటోమేటిక్ వాల్ ట్రీట్‌మెంట్ ఎర్రర్ ఇవ్వకుండా సర్దేసి ఉంటుంది.

మొదటి పొర 4 మైక్రాన్లు, ఒక్కో పొర 1.2 రెట్లు పెంచుకుంటూ పోతే, దాదాపు 0.9 మి.మీ. మందం ఉండే బౌండరీ లేయర్ ఇరవై ఒక్క పొరల్లో నిండిపోతుంది. సందులో అడ్డంగా కనీసం పదిహేను సెల్స్ పెట్టు. ఒక్క బ్లేడు దారికి పది, పదిహేను లక్షల సెల్స్ అవుతాయి. పది లక్షలకి ఒకటి నుంచి రెండు జీబీ పడుతుంది కాబట్టి నీ ల్యాప్‌టాప్ మోస్తుంది. రాత్రి పడుకునేముందు రన్ పెట్టి, కరెంటు పోకూడదని దణ్ణం పెట్టుకో.

సందు గురించి ఇంకొక్క మాట. రేడియల్ రోటర్‌లో సందు అంతటా ఒకేలా కాటెయ్యదు. లోపలికొచ్చే అంచు దగ్గర ఉన్న ఆక్సియల్ సందులో, రోటర్‌తో పోలిస్తే వెనక్కి పోతున్నట్టుండే కేసింగ్ గోడ గ్యాస్‌ని ఎదురు తోసుకుపోతుంది, కాబట్టి కారడం తక్కువ. బయటికెళ్ళే కొస దగ్గర రేడియల్ సందుదే అసలు నష్టం. డాంబాక్, హాడ్సన్, హంట్స్‌మన్ 1998లో కొలిచి చూపించింది ఇదే. కాబట్టి కొలవడానికి టైము ఒక్కచోటికే ఉంటే ఆ కొస దగ్గర ఫీలర్ గేజి పెట్టి కొలువు. రోటర్ వెనక డిస్కుకీ హౌసింగ్‌కీ మధ్య ఖాళీ కూడా నీ మోడల్‌లో లేదని ఊహిస్తున్నాను. అక్కడా కొంత పవర్ పోతుంది, సిమ్యులేషన్‌కి అది తెలియదు.

మోడల్ నిజంగా ముఖ్యమయ్యే చోట్లు రెండున్నాయి. ఒకటి ఆఫ్-డిజైన్, అంటే డిజైన్ పాయింట్‌కి దూరంగా నడిచేటప్పుడు. రేడియల్ రోటర్‌కి గ్యాస్ రేడియల్ బ్లేడుకి సూటిగా తగిలితే మంచిదనుకుంటారు, నిజానికి మైనస్ 20 నుంచి మైనస్ 40 డిగ్రీల ఇన్సిడెన్స్ (గ్యాస్ బ్లేడుకి తగిలే కోణంలో తేడా) దగ్గర బాగుంటుంది. రోటర్ లోపల గ్యాస్ తిరుగుడుకి ఎదురుగా ఒక పెద్ద సుడిలా తిరగడమే కారణం. స్పౌటింగ్ వేగంతో (ఆ పీడనం తేడాకి నష్టం లేకుండా గ్యాస్ అందుకోగల వేగం) పోల్చిన అంచు వేగం 0.7 దగ్గర ఉంటే ఇది దానంతటదే కుదురుతుంది. ఇంజన్ మీద ఎగ్జాస్ట్ పల్స్ వచ్చినప్పుడు ఆ నిష్పత్తి బాగా పడిపోతుంది, ఇన్సిడెన్స్ ప్లస్‌లోకి పోతుంది, బ్లేడు ముందు అంచు దాటగానే సక్షన్ వైపు ప్రవాహం విడిపోతుంది. అక్కడ కె-ఎప్సిలాన్‌ని అస్సలు నమ్మకు. అంచుకి కొట్టుకునే చోట లేని టర్బులెన్స్‌ని కూడా పుట్టిస్తుంది అది. కాటో, లాండర్ 1993లో దీనికి ఒక మందు రాశారు, స్ట్రెయిన్ వర్గం బదులు స్ట్రెయిన్‌ని వర్టిసిటీతో గుణించమని. తిరిగే ఫ్రేములో ఆ వర్టిసిటీ ఆబ్సల్యూట్‌ది అయ్యుండాలి, రిలేటివ్‌ది కాదు. సొంత కోడ్ రాసేవాళ్ళు ఇక్కడే కాలు జారతారు. ఎస్ఎస్‌టిలో ఉన్న ప్రొడక్షన్ లిమిటర్ చాలావరకు ఈ పని చేస్తుంది.

రెండోది ట్రాన్సిషన్, అంటే నున్నగా పారే లామినార్ పొర టర్బులెంట్‌గా మారడం. లక్షా ముప్పై వేల రేనాల్డ్స్ సంఖ్య అంటే బ్లేడంతా టర్బులెంట్ అని ఒట్టేసి చెప్పలేం. పైగా గ్యాస్ ఎంత వేగంగా పరుగందుకుంటోందో చూడు. పాతిక మిల్లీల్లో 150 నుంచి 300 మీటర్లకి. యాక్సిలరేషన్ పారామీటర్ లెక్కేస్తే మధ్యలో 0.0000067 వస్తుంది. అది 0.000003 దాటితే టర్బులెంట్ పొర మళ్ళీ లామినార్ వైపు మళ్ళడం మొదలవుతుంది. నువ్వేమో అంతా టర్బులెంట్ అనుకుని రాపిడి ఎక్కువ లెక్కేస్తున్నావు. లాంగ్‌ట్రీ, మెంటర్‌ల గామా-రీతీటా మోడల్‌తో ఒక్క రన్ చేసి, ఎంత కదిలిందో రాయి. దాన్నే సత్యమని పట్టుకోకు. ఇంజన్ నుంచి వచ్చే గ్యాస్ ముందే అల్లరిగా ఉంటుంది, ఆ అల్లరి ఎంతో కొలిచినవాడు నీ దగ్గర లేడు. ఇన్‌లెట్‌లో 5 శాతం టర్బులెన్స్ ఇంటెన్సిటీతో ఒకటి, 10 శాతంతో ఒకటి చేసి చూసుకో.

లార్జ్ ఎడ్డీ సిమ్యులేషన్ (ఎల్ఈఎస్, పెద్ద సుడుల్ని నేరుగా లెక్కగట్టి చిన్నవాటికే మోడల్ పెట్టేది) అని స్నేహితులెవరైనా ఊరిస్తే వినకు. సుడులన్నీ నేరుగా లెక్కగట్టే డీఎన్ఎస్‌కయితే పాయింట్ల సంఖ్య రేనాల్డ్స్ సంఖ్యకి 2.25 ఘాతంగా పెరుగుతుంది. నీ ఒక్క బ్లేడుకే ముప్పై వేల కోట్ల పాయింట్లు. ఎల్ఈఎస్ అంతకన్నా తక్కువే గానీ ల్యాప్‌టాప్ పని కాదు, మార్చి పనీ కాదు.

వాల్యూట్‌ని కలిపి చేస్తున్నావా, ఒక్క దారేనా అన్నది నువ్వు చెప్పలేదు. ఒక్క దారే అయితే వాల్యూట్ నష్టం నీ లెక్కలో లేదు, మ్యాప్‌లో ఉంది. ఇంకో పాయింటు అక్కడ. మొత్తం కలిపి ఫ్రోజెన్ రోటర్‌తో (రోటర్‌ని ఒక స్థానంలో నిలిపి లెక్కేసే పద్ధతి) చేస్తే, వాల్యూట్ నాలుక ఎదురుగా బ్లేడు ఉందా, ఖాళీ ఉందా అన్నదాన్నిబట్టి జవాబు మారుతుంది. రెండు మూడు స్థానాల్లో పెట్టి సగటు తియ్యాలి. మోడల్ మార్చడం కన్నా ఇది ఎక్కువ కదిలించడం నేను చూశాను.

మార్చిలోపు నేనైతే ఇలా చేస్తాను. ఎస్ఎస్‌టి ఒక్కటే పట్టుకుని, సందుతో సహా మూడు సైజుల మెష్‌లు. టర్బులెన్స్ సమీకరణాలకి కూడా రెండో ఆర్డర్ స్కీము, చాలా సాఫ్ట్‌వేర్లు అడక్కుండానే మొదటి ఆర్డర్‌లో పెడతాయి. టార్క్ నుంచి ఒక ఎఫిషియెన్సీ, ఉష్ణోగ్రత తగ్గుదల నుంచి ఇంకొకటి తీసి, రెండూ అరపాయింటులోపు కలవకపోతే రన్ ఇంకా కన్వర్జ్ కాలేదని అర్థం, రెసిడ్యువల్స్ (సమీకరణాల్లో ఇంకా మిగిలిన తేడా) ఎంత కిందకి దిగినా సరే. ఆ తర్వాత ఒక్క పాయింట్ దగ్గర మాత్రం కె-ఎప్సిలాన్, కర్వేచర్ కరెక్షన్, ట్రాన్సిషన్ మూడూ మార్చి చూసి, ‘మోడల్ వల్ల ఇంత అటూ ఇటూ’ అని ఒక పట్టీగా గ్రాఫ్ మీద వెయ్యి. పరీక్షకొచ్చే ఎగ్జామినర్‌కి ఆ పట్టీ కావాలి, ‘నా మోడల్ కరెక్ట్’ అన్న వాక్యం కాదు.

మ్యాప్ గొడవ తప్పించుకోవాలంటే ఇంకో దారుంది. నాసా లూయిస్ కేంద్రం వాళ్ళు 1960ల్లో చిన్న రేడియల్ టర్బైన్లని చల్లటి గ్యాస్‌తో టెస్ట్ చేసి, జామెట్రీతో సహా రిపోర్టులు అచ్చేశారు. ఉచితంగా దొరుకుతాయి. 1996లో జోన్స్ ప్రచురించిన 5.7 ప్రెషర్ రేషియో టర్బైన్‌ని కూడా చాలామంది వాలిడేషన్‌కి వాడారు. నీ సెటప్ ముందు వాటిలో ఒకదాని మీద పని చేస్తుందని చూపిస్తే, మీ కంపెనీ మ్యాప్‌తో తేడా వచ్చినా తలెత్తుకుని మాట్లాడగలవు.

మళ్ళీ రాసేటప్పుడు ఈ నాలుగు అంకెలు పంపు: ఎగ్జిట్ కొస దగ్గర సందు, సందులో అడ్డంగా ఎన్ని సెల్స్, టార్క్ నుంచి వచ్చిన ఎఫిషియెన్సీ, ఉష్ణోగ్రత నుంచి వచ్చినది. మ్యాప్ షీటు కింద చిన్న అక్షరాల్లో ‘మెకానికల్ లాస్‌తో కలిపి’ అని ఏమైనా ఉందేమో ఫోటో తీసి పెట్టు. ఈ వారం తోటలో దింపు ఉంది, సాయంత్రాలు చూస్తాను.